మెయిల్ వెళ్లదు, రాదు, స్పామ్‌లో పడుతుంది: డొమైన్ డీఎన్‌ఎస్ రికార్డుల్లో తప్పు పట్టుకోవడం ఎలా?

డీఎన్‌ఎస్ అంటే మీ డొమైన్ వెబ్‌సైట్, మెయిల్ ఏ సర్వర్లలో ఉన్నాయో లోకానికి చెప్పే చిరునామాల పుస్తకం. మెయిల్ ఆగగానే ఆ రికార్డులు మార్చే ప్యానెల్ తెరిచి కంటికి కనిపించిన రికార్డునల్లా మార్చేస్తే ఒక తప్పు కాస్తా నాలుగవుతుంది. ఆ తర్వాత అసలు తప్పేదో దొరకదు. ముందు రెండు ప్రశ్నలకు జవాబు కావాలి. మీ డొమైన్ తరఫున బయటికి జవాబు చెబుతున్న నేమ్‌సర్వర్ ఏది? తేడా వచ్చిన మెయిల్ ఏ దారిన బయల్దేరింది: మెయిల్‌బాక్స్ నుంచా, వెబ్‌సైట్ ఫారం నుంచా, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నుంచా? ఒక్కో దారికి ఒక్కో సర్వర్ ఉంటుంది. ప్రతి సర్వర్‌కూ విడిగా అనుమతి ఇవ్వాలి.

మెయిల్ తిరిగొస్తే బౌన్స్ సందేశంలో 5.7.26 లాంటి అంకెలుంటాయి, వాటిని పక్కన రాసుకోండి. స్పామ్‌లో పడుతుంటే ఒక జీమెయిల్ ఖాతాకు పరీక్ష మెయిల్ పంపి, దాన్ని తెరిచి, మూడు చుక్కల మెనూలో ‘షో ఒరిజినల్’ నొక్కండి. మెయిల్ నిజంగా మీ డొమైన్ నుంచే వచ్చిందా అని తేల్చే పరీక్షలు ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్; ఆ మూడింటికీ పాసో ఫెయిలో పైనే కనిపిస్తుంది. మీరు మెయిల్ పంపే ప్రతి దారి నుంచీ ఇలా ఒక్కోటి పంపి చూడాలి.

రికార్డుల్లోని మాటలను ఇక్కడ పలికినట్టే రాశాం. ప్యానెల్‌లో మాత్రం మీ మెయిల్ సేవ ఇచ్చిన అక్షరాలను కాపీ చేసి అతికించండి. చేత్తో టైపు చేయొద్దు.

రికార్డు పెట్టాను, ఎక్కడా కనిపించడం లేదు

అన్నిటికంటే ఎక్కువగా ఎదురయ్యేది ఇదే. డొమైన్ ఒకచోట కొంటారు, హోస్టింగ్ ఇంకోచోట తీసుకుంటారు, తర్వాతెప్పుడో నేమ్‌సర్వర్లను క్లౌడ్‌ఫ్లేర్‌కు మారుస్తారు. డీఎన్‌ఎస్ పేజీ మూడుచోట్లా ఉంటుంది, మూడుచోట్లా ‘సేవ్’ అవుతుంది. పనిచేసేది మాత్రం నేమ్‌సర్వర్లు ఉన్నచోటే. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఎన్‌ఎస్‌లుకప్ కమాండ్‌కు టైపు ఎన్‌ఎస్ అని ఇచ్చి డొమైన్ పేరు కొట్టండి. లినక్స్, మ్యాక్‌లలో అయితే డిగ్ కమాండ్ ఉంది. జవాబులో ఏ సంస్థ నేమ్‌సర్వర్లు వస్తే ఆ సంస్థ ప్యానెల్‌లోనే రికార్డులు పెట్టాలి.

ప్యానెల్ సరైనదే అయినా కనిపించకపోతే పేరు రెండుసార్లు పడిందేమో చూడండి. చాలా ప్యానెళ్లు పేరు చివర డొమైన్‌ను వాటంతట అవే కలుపుతాయి. మీరు ‘అండర్‌స్కోర్ డీమార్క్ డాట్ ఎగ్జాంపుల్ డాట్ కామ్’ అని పూర్తిగా రాస్తే, దాని చివర మళ్లీ ‘ఎగ్జాంపుల్ డాట్ కామ్’ చేరుతుంది. అలాంటి ప్యానెల్‌లో ‘అండర్‌స్కోర్ డీమార్క్’ వరకే రాయాలి. జోన్ ఫైలును (డొమైన్ రికార్డులన్నీ ఉండే ఫైలు) నేరుగా దిద్దేవాళ్లు పూర్తి పేరు చివర చుక్క మర్చిపోతే జరిగేదీ ఇదే.

ఇక ‘48 గంటలు ఆగండి’ అనే సలహా. అది నేమ్‌సర్వర్లు మార్చినప్పటి మాట. మామూలు రికార్డుకు టీటీఎల్ (జవాబును ఎన్ని సెకన్లు దాచుకోవచ్చో చెప్పే అంకె) 3600 ఉంటే, పాత జవాబు గంటకు మించి నిలవదు. ‘అలాంటి రికార్డు లేదు’ అన్న జవాబు కూడా కొంతసేపు క్యాష్‌లో (తాత్కాలిక నిల్వలో) ఉంటుంది, అందుకే రికార్డు పెట్టకముందే వెతికినవాళ్లకు అది ఆలస్యంగా కనిపిస్తుంది. ఊహించుకుంటూ ఎదురుచూడకుండా మీ నేమ్‌సర్వర్‌నే నేరుగా అడగండి: డిగ్‌లో @ గుర్తు తర్వాత నేమ్‌సర్వర్ పేరు ఇస్తే చాలు. అక్కడ సరిగ్గా ఉంటే ఆగండి. అక్కడే లేకపోతే ఎన్ని గంటలు ఆగినా రాదు. మెయిల్ సేవ మార్చబోతున్నారా? ఒకరోజు ముందే టీటీఎల్‌ను 300కు తగ్గించి పెట్టుకోండి.

బయటి మెయిల్ మాకు రావడం లేదు, లేదా కొన్నే వస్తున్నాయి

ఇది మీ మెయిల్ ఏ సర్వర్‌కు రావాలో చెప్పే ఎంఎక్స్ రికార్డు సంగతి. కొన్ని వచ్చి కొన్ని రాకపోతే పాత సేవ ఎంఎక్స్‌లు ఇంకా ఉన్నట్టే. ఎంఎక్స్ పక్కనుండే ప్రాధాన్యం అంకె ఎంత చిన్నదైతే ఆ సర్వర్‌కు అంత ముందు వెళ్తుంది. కొత్తదానికి 10, పాతదానికి 5 ఉంటే మెయిలంతా పాత పెట్టెలోనే పడుతుంది. పాత ఎంఎక్స్‌లన్నీ తీసేయండి, ‘ఉండనీలే’ అని ఒక్కటి కూడా వదలొద్దు. గూగుల్ వర్క్‌స్పేస్ కొత్త ఖాతాలకు ఇప్పుడు ఒకే ఎంఎక్స్ ఇస్తోంది, ప్రాధాన్యం 1. పాత ఐదు రికార్డుల అమరికా పనిచేస్తుంది, దాన్ని కదపనక్కర్లేదు. జోహోలో భారత డేటా సెంటర్‌లో తెరిచిన ఖాతాకు డాట్ ఇన్‌తో ముగిసే మూడు ఎంఎక్స్‌లు 10, 20, 50 అంకెలతో ఉంటాయి. వెబ్‌లో దొరికిన డాట్ కామ్ సూచనలు పెట్టేస్తే మీ మెయిల్ మీ ఖాతా లేని చోటికి పోతుంది.

ఎంఎక్స్‌లో ఐపీ అడ్రస్ పెట్టకూడదు, సర్వర్ పేరే పెట్టాలి. ఆ పేరు సీనేమ్ (ఇంకో పేరుకు దారి చూపే రికార్డు) కాకూడదు, దానికి సొంత ‘ఏ’ రికార్డు (పేరుకు ఐపీ అడ్రస్ చెప్పేది) ఉండాలి. క్లౌడ్‌ఫ్లేర్ వాడేవాళ్లు ఆ ‘ఏ’ రికార్డు పక్కన మేఘం గుర్తు నారింజ రంగులో లేకుండా బూడిద రంగులో ఉండేలా మార్చాలి. నారింజ రంగంటే ప్రాక్సీ ఆన్‌లో ఉన్నట్టు; వాళ్ల మామూలు ప్రాక్సీ వెబ్ ట్రాఫిక్‌నే దాటిస్తుంది, 25వ పోర్టుకు వచ్చే మెయిల్‌ను దాటించదు.

ఇంకో చిక్కుంది. బయటివాళ్ల మెయిల్ అంతా వస్తుంది, సొంత వెబ్‌సైట్ ఫారం నింపితే వచ్చే మెయిల్ ఒక్కటే రాదు. వెబ్‌సైట్ సీప్యానెల్ హోస్టింగ్‌లో, మెయిల్ గూగుల్‌లోనో జోహోలోనో ఉన్నప్పుడు ఇలా జరుగుతుంది. ఆ హోస్టింగ్ సర్వర్ ఈ డొమైన్ మెయిల్ తన దగ్గరే ఉందనుకుని, ఎంఎక్స్ చూడకుండా లోపలే పడేస్తుంది. సీప్యానెల్‌లో ‘ఈమెయిల్ రూటింగ్’ తెరిచి ‘రిమోట్ మెయిల్ ఎక్స్‌చేంజర్’ ఎంచుకోండి.

ఎస్‌పీఎఫ్ ఫెయిల్, లేదా ‘పర్మ్ ఎర్రర్’

ఈ డొమైన్ పేరుతో మెయిల్ పంపే హక్కు ఏయే సర్వర్లకుందో చెప్పే టెక్స్ట్ రికార్డు ఎస్‌పీఎఫ్. ఒక డొమైన్‌కు ఒక్కటే ఉండాలి. గూగుల్ కోసం ఒకటి, న్యూస్‌లెటర్ సేవ కోసం మరొకటి అని రెండు పెడితే రెండూ చెల్లవు, ఫలితం ‘పర్మ్ ఎర్రర్’, అంటే రికార్డే చెల్లదని. రెండింటిలోని ‘ఇన్‌క్లూడ్’ (ఇంకో సేవ సర్వర్లకు అనుమతినిచ్చే) భాగాలనూ ఒకే రికార్డులోకి తెచ్చి, చివర ‘ఆల్’ (మిగతా సర్వర్లన్నిటికీ వర్తించే మాట) ఒక్కసారే రాయండి.

ఒక్కటే ఉన్నా పర్మ్ ఎర్రర్ వస్తుంటే డీఎన్‌ఎస్ వెతుకులాటలు 10 దాటాయేమో లెక్కపెట్టండి. ఇన్‌క్లూడ్, ‘ఏ’, ఎంఎక్స్, పీటీఆర్, ఎగ్జిస్ట్స్, రీడైరెక్ట్ ప్రతిదీ ఒక వెతుకులాట. ఇన్‌క్లూడ్ లోపలున్న ఇన్‌క్లూడ్‌లూ లెక్కలోకొస్తాయి. ఐపీ4, ఐపీ6, ఆల్ మాత్రం రావు. ఎప్పుడో మానేసిన సేవల ఇన్‌క్లూడ్‌లను తీసేస్తేనే చాలాసార్లు లెక్క దిగుతుంది. అప్పటికీ దిగకపోతే ప్రచార మెయిళ్లను ‘న్యూస్ డాట్ ఎగ్జాంపుల్ డాట్ కామ్’ లాంటి సబ్‌డొమైన్‌కు మార్చండి, దానికి వేరే ఎస్‌పీఎఫ్, వేరే లెక్క ఉంటాయి. ఇన్‌క్లూడ్‌లను విప్పి ఐపీల జాబితాగా రాసేయమనే సలహా మాత్రం మంచిది కాదు. అవతలి సంస్థ ఐపీలు మార్చిన రోజున మీకు తెలియకుండానే మెయిల్ ఫెయిలవుతుంది.

చివరి ‘ఆల్’ ముందు ~ పెడితే అనుమానించమని, - పెడితే తిరస్కరించమని అర్థం. సెట్ చేస్తున్నన్నాళ్లూ ~ ఉంచండి. + ఎప్పుడూ పెట్టొద్దు, లోకంలో ఎవరైనా మీ పేరుతో పంపొచ్చని అనుమతి ఇచ్చినట్టే.

డీకిమ్ ఫెయిల్

డీకిమ్ అంటే పంపే సర్వర్ మెయిల్ మీద వేసే సంతకం, దాన్ని సరిచూసే కీ డీఎన్‌ఎస్ రికార్డులో ఉంటుంది. ఫలితంలో ‘కీ దొరకలేదు’ అన్న అర్థంలో ఉంటే రికార్డు పేరు చూడండి. ‘షో ఒరిజినల్’లో కనిపించే మెయిల్ హెడర్‌లో డీకిమ్ సిగ్నేచర్ దగ్గర ఎస్ అక్షరం పక్కనుండేది సెలెక్టర్. సెలెక్టర్, చుక్క, అండర్‌స్కోర్ డొమైన్‌కీ: ఈ వరుసలో ఉన్న పేరుతోనే రికార్డు ఉండాలి. మైక్రోసాఫ్ట్ 365లో ఇవి టెక్స్ట్ రికార్డులు కావు, రెండు సీనేమ్‌లు.

పేరు సరే, కీ చెల్లదంటే విలువ తెగిపోయి ఉంటుంది. టెక్స్ట్ రికార్డులో ఒక్కో ముక్కకు 255 అక్షరాలే పరిమితి. 2048 బిట్ల కీ అంతకంటే పొడుగు. కొన్ని ప్యానెళ్లు ముక్కలుగా అవే విడదీస్తాయి, కొన్ని మిగతాది చప్పుడు లేకుండా కోసేస్తాయి. అప్పుడు విలువను మీరే రెండు ముక్కలు చేసి, ఒక్కోదాన్నీ విడి కొటేషన్లలో, ఒకే రికార్డులో పెట్టాలి. దానికీ ఒప్పుకోని ప్యానెల్ అయితే డీఎన్‌ఎస్‌ను వేరేచోటికి మార్చడమే మంచిది. 1024 బిట్లకు దిగడం తాత్కాలికంగానే.

‘బాడీ హ్యాష్’ సరిపోలలేదని వస్తే డీఎన్‌ఎస్‌లో వెతకొద్దు. సంతకం పడ్డాక దారిలో ఏదో సర్వర్ కింద డిస్‌క్లెయిమర్ లాంటిది అతికించిందన్నమాట.

రెండూ పాస్, డీమార్క్ మాత్రం ఫెయిల్

జనం తలపట్టుకునేది ఇక్కడే. డీమార్క్ చూసేది పాస్ అయిందా అన్నదొక్కటే కాదు, ఎవరి పేరు మీద పాస్ అయిందన్నది. ఫ్రమ్‌లో కనిపించే మీ డొమైన్‌తో ఎస్‌పీఎఫ్ డొమైన్‌గానీ డీకిమ్ డొమైన్‌గానీ కలవాలి. రెండింట్లో ఒకటి కలిస్తే చాలు.

ఎస్‌పీఎఫ్ చూసేది ఫ్రమ్‌ను కాదు, బౌన్స్‌లు వెళ్లే ‘రిటర్న్ పాత్’ అడ్రస్‌ను. వెబ్‌సైట్‌లోని పీహెచ్‌పీ ఫారం పంపే మెయిల్‌కు రిటర్న్ పాత్‌గా తరచు హోస్టింగ్ సర్వర్ పేరే ఉంటుంది. ఆ సర్వర్ పేరు మీద పాస్ అయితే మీకు ఒరిగేదేమీ లేదు. డీకిమ్‌లోనూ ఇంతే. గూగుల్ వర్క్‌స్పేస్‌లో డీకిమ్ ఆన్ చేయకపోతే ‘జీయాప్స్‌ఎస్‌ఎమ్‌టీపీ డాట్ కామ్’ పేరు మీద, మైక్రోసాఫ్ట్‌లో ‘ఆన్‌మైక్రోసాఫ్ట్ డాట్ కామ్’ పేరు మీద సంతకం పడుతుంది. పాస్ అని కనిపిస్తుంది, పక్కన డొమైన్ మాత్రం మీది కాదు.

గూగుల్ అడ్మిన్‌లో కీ తయారుచేసి, రికార్డు పెట్టి, ఆ తర్వాత ‘స్టార్ట్ ఆథెంటికేషన్’ నొక్కాలి. రికార్డు పెట్టి ఈ బటన్ మర్చిపోయేవాళ్లు చాలామంది. వెబ్‌సైట్ ఫారాన్ని పీహెచ్‌పీ మెయిల్ నుంచి తప్పించి, మీ మెయిల్ ఖాతా ఎస్‌ఎమ్‌టీపీ (మెయిల్ పంపే సర్వర్) లాగిన్‌తో పంపేలా మార్చండి. ఫారం నింపినవాళ్ల అడ్రస్‌ను ఫ్రమ్‌లో పెట్టకండి, ‘రిప్లై టు’లో పెట్టండి. న్యూస్‌లెటర్, బిల్లింగ్ సేవల్లో ‘డొమైన్ ఆథెంటికేషన్’ పూర్తిచేస్తే వాళ్లూ మీ పేరు మీదే సంతకం చేస్తారు.

జీమెయిల్‌కు రోజుకు 5000కు మించి పంపేవాళ్లకు ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడూ 2024 ఫిబ్రవరి నుంచి తప్పనిసరి. అవుట్‌లుక్ డాట్ కామ్ కూడా 2025 మే నుంచి అదే దారి పట్టింది. తక్కువ పంపేవాళ్లకు ఎస్‌పీఎఫ్, డీకిమ్‌లలో ఒకటి చాలు, రెండూ లేకపోతే జీమెయిల్ 5.7.26తో తిప్పికొడుతుంది.

సొంత సర్వర్, 5.7.25 బౌన్స్

మీ ఐపీకి పీటీఆర్ రికార్డు (ఆ ఐపీ ఏ సర్వర్ పేరుదో చెప్పేది) లేదనో, ఉన్నా ఆ పేరు తిరిగి అదే ఐపీని చూపడం లేదనో అర్థం. దీన్ని డొమైన్ ప్యానెల్‌లో పెట్టలేరు. ఐపీ ఇచ్చిన హోస్టింగ్ సంస్థనే అడగాలి. పీటీఆర్‌లో ఏ పేరుందో, ఆ పేరుకున్న ‘ఏ’ రికార్డు తిరిగి అదే ఐపీని చూపాలి. సర్వర్ ఐపీ6 మీదా పంపుతుంటే దానికీ పీటీఆర్ కావాలి. ఐపీ4కు పెట్టి ఐపీ6ను మరవడం వల్ల కొన్ని మెయిళ్లే బౌన్స్ అవుతుంటాయి.

డీమార్క్ ఎంత గట్టిగా పెట్టాలి?

పాస్ కాని మెయిల్‌ను ఏం చేయాలో చెప్పేది పాలసీ. దాన్ని ‘నన్’తో (ఏమీ చేయొద్దని) మొదలుపెట్టి, రిపోర్టులు వచ్చే అడ్రస్ ఇవ్వండి. ఆ అడ్రస్ మీ డొమైన్‌లోదే అయ్యుండాలి. సొంత జీమెయిల్ అడ్రస్ ఇస్తే రిపోర్టులు రాకపోవచ్చు, ఎందుకంటే అవతలి డొమైన్ ‘నాకు పంపొచ్చు’ అని తన డీఎన్‌ఎస్‌లో చెప్పాలన్నది నియమం. నెలాఖరు బిల్లులు, జీతాల స్లిప్పులు లాంటివి కూడా ఒక చుట్టు తిరిగేదాకా రిపోర్టులు చూసి, మీ దారులన్నీ పాస్ అయ్యాకే ‘క్వారంటైన్’కు (స్పామ్‌లో వేయమని), ఆపై ‘రిజెక్ట్’కు (తిప్పికొట్టమని) వెళ్లండి. మెయిల్ ఫార్వర్డ్ అయితే ఎస్‌పీఎఫ్ దాదాపు తప్పకుండా తెగుతుంది, అక్కడ నిలబెట్టేది డీకిమే. అందుకే డీకిమ్ లేకుండా రిజెక్ట్ పెట్టకండి.

కొని ఊరికే ఉంచిన డొమైన్లకు ఇదేదీ వర్తించదు. మోసగాళ్లకు అవి పనికిరాకుండా మొదటిరోజే తలుపు మూసేయొచ్చు: ఎస్‌పీఎఫ్‌లో ఆల్ ముందు - ఒక్కటే, డీమార్క్ రిజెక్ట్, ఎంఎక్స్‌లో ప్రాధాన్యం 0 పెట్టి పేరు బదులు ఒంటి చుక్క. తెలుగు లిపిలో డాట్ భారత్ డొమైన్ ఉన్నవాళ్లు ప్యానెల్‌లో ఆ పేరు తీసుకోకపోతే, ‘ఎక్స్‌ఎన్’తోనూ రెండు హైఫన్లతోనూ మొదలయ్యే రూపంలో ఇవ్వాలి. ఆ రూపం రిజిస్ట్రార్ ఖాతాలో డొమైన్ పక్కన సాధారణంగా కనిపిస్తుంది.