అలలు చదవడం నేర్చుకుందాం – 3వ పాఠం: గోపాల్‌పూర్ ఒడ్డున లెక్క

పోయిన పాఠంలో తాడు ఊపి చూశాం. తాడుకు కట్టిన రిబ్బను ముక్క పైకీ కిందకీ ఆడింది కానీ అలతో పాటు ముందుకు పోలేదు. ఈసారి సముద్రం దగ్గరకే వెళ్దాం. ఒడిశాలోని బరంపురంలో ఉన్నవాళ్లకు గోపాల్‌పూర్ ఎంత దూరం!

ఒడ్డునే నిలబడండి, నీళ్లలోకి దిగొద్దు. ఫోన్‌లో స్టాప్‌వాచ్ తెరవండి. అల విరిగే చోటికి అవతల తేలే వలబెండు ఒకదాన్ని చూసుకోండి. అది పైకి లేచినప్పుడు బటన్ నొక్కి ‘సున్నా’ అనండి. మళ్లీ లేస్తే ‘ఒకటి’. పది దాకా లెక్కపెట్టి ఆపండి. చాలామంది ‘ఒకటి’తో మొదలుపెడతారు, అప్పుడు తొమ్మిది అలలనే పది అనుకుంటారు. అలలన్నీ ఒకేలా రావు కాబట్టే పది లెక్కపెట్టమంటున్నాను.

80 సెకన్లు వచ్చిందనుకుందాం. అంటే ఒక్కో అలకు 8 సెకన్లు. ఇది ఆవర్తన కాలం. ఒకటిని 8తో భాగిస్తే 0.125 హెర్ట్జ్, అది పౌనఃపున్యం, అంటే సెకనుకు ఎన్ని అలలు వస్తాయన్న లెక్క. ఒక శిఖరం నుంచి పక్క శిఖరానికి ఉండే దూరం తరంగదైర్ఘ్యం. ఒడియా బళ్లో చదివే మన పిల్లలకు ఈ మాట కొత్త కాదు, అక్కడా దాదాపు ఇదే మాట.

లోతైన సముద్రంలో ఆవర్తన కాలాన్ని దానితోనే గుణించి, మళ్లీ 1.56తో గుణిస్తే తరంగదైర్ఘ్యం మీటర్లలో వస్తుంది. మన అలకు దాదాపు 100 మీటర్లు. దాన్ని పౌనఃపున్యంతో గుణిస్తే వేగం: సెకనుకు 12.5 మీటర్లు, అంటే గంటకు 45 కిలోమీటర్లు.

ఒడ్డు దగ్గర ఏమవుతుందో చూడండి, నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే. నీరు 2.5 మీటర్ల లోతే ఉన్న చోట అల వేగం సెకనుకు 5 మీటర్లకు పడిపోతుంది. కానీ ఆవర్తన కాలం 8 సెకన్లే. లోపలి నుంచి 8 సెకన్లకు ఒక అల బయలుదేరితే, ఒడ్డుకూ 8 సెకన్లకు ఒకటే చేరాలి కదా. అలలు దారిలో మాయం కావు, కొత్తవి పుట్టవు. కాబట్టి తరంగదైర్ఘ్యమే 40 మీటర్లకు కుదించుకుపోతుంది. వెనకవి ముందువాటిని తరుముకొస్తాయి, ఎత్తు పెరుగుతుంది, చివరికి అల విరిగి పడుతుంది. పడవ దింపే మన జాలరులు సందు చూసి తోస్తారు. వాళ్లకు ఈ లెక్క ఒంట్లోనే ఉంది.

మరి ఇది ఏ రకం అల? తాడు అలలో కణాలు అల దారికి అడ్డంగా కదులుతాయి, అది తిర్యక్ తరంగం. ధ్వనిలో గాలి కణాలు అల దారి వెంటే ముందుకూ వెనక్కూ ఊగుతాయి, అది అనుదైర్ఘ్య తరంగం. సముద్రపు అలలో రెండూ ఉంటాయి. లోతు నీటిలో బెండు దాదాపు గుండ్రంగా తిరిగి, ఇంచుమించు మొదటి చోటికే వస్తుంది. అందుకే నీటి అలను ఉత్త తిర్యక్ తరంగం అని రాయకండి. వీటికన్నిటికీ నీరో, గాలో, తాడో ఏదో ఒక యానకం కావాలి. వెలుతురుకు అక్కర్లేదు, దాని సంగతి 5వ పాఠంలో.

ఇంటి పని: దూరంగా తుఫాను ఉన్నప్పుడు, అది రాకముందే పొడవైన అలలు ఒడ్డు చేరతాయి. పది అలలకు 120 సెకన్లు పడితే లోతు నీటిలో వాటి తరంగదైర్ఘ్యం, వేగం ఎంత? మన 8 సెకన్ల అలతో పోల్చి, ముందుగా వచ్చేది ఏదో, ఎందుకో రాయండి. జవాబు వచ్చే పాఠం మొదట్లో ఇస్తాను.