అయస్కాంతం లేని మోటార్ మొరాయిస్తోందా? సమస్యలు, పరిష్కారాలు

స్విచ్డ్ రిలక్టెన్స్ మోటార్ రోటర్‌లో, అంటే తిరిగే భాగంలో, అయస్కాంతం ఉండదు, వైండింగ్ (తీగచుట్ట) ఉండదు, పళ్ళు పళ్ళుగా కోసిన ఇనుప రేకుల దొంతర ఒక్కటే. చుట్టూ కదలకుండా ఉండే స్టేటర్ పళ్ళ మీది కాయిల్స్‌కు వంతులవారీగా కరెంటు ఇస్తే, ఆ పళ్ళు లాగడం వల్ల రోటర్ తిరుగుతుంది. పాడవడానికి రోటర్‌లో ఏముంది చెప్పండి! అందుకే ఆగిపోగానే మోటార్ విప్పకండి, ముందు కరెంటు ఇచ్చే టైమింగ్ చూడండి.

సప్లై తీసేసి, డ్రైవ్ (మోటార్‌కు కరెంటు ఇచ్చి నడిపే ఎలక్ట్రానిక్ పెట్టె) కెపాసిటర్లు పూర్తిగా డిశ్చార్జ్ అయ్యాక షాఫ్ట్‌ను చేత్తో తిప్పండి. అయస్కాంతాలున్న మోటార్లలో చేతికి ఆగి ఆగి తగులుతుంది, ఇందులో నున్నగా తిరగాలి. పట్టేస్తే బేరింగో, రోటర్ రాసుకోవడమో.

సమస్య: వణుకుతుంది, తిరగదు.
కారణం: రోటర్ ఎక్కడుందో డ్రైవ్‌కు తప్పుగా తెలుస్తోంది. స్టేటర్‌కు 6, రోటర్‌కు 4 పళ్ళున్న మోటార్‌లో 30 డిగ్రీలకోసారి ఫేజ్ (ఒకేసారి కరెంటు అందుకునే కాయిల్స్ జట్టు) మారాలి, రోటర్ స్థానం చెప్పే ఎన్‌కోడర్ కొద్ది డిగ్రీలు జరిగినా దెబ్బే.
పరిష్కారం: లోడ్ విప్పి, ఒక ఫేజ్‌కు కొద్దిగా డీసీ ఇవ్వండి. రోటర్ పళ్ళు వచ్చి ఆ ఫేజ్ పళ్ళకు ఎదురుగా నిలబడతాయి, ఆ రీడింగ్‌నే రిఫరెన్స్‌గా పెట్టుకోండి. అసలు కదలకపోతే ముందు పక్క ఫేజ్‌కు ఇచ్చి, తర్వాత దీనికి ఇవ్వండి.

సమస్య: ఎదురు దిక్కులో తిరుగుతోంది.
కాయిల్ వైర్లు అటూఇటూ మార్చి లాభం లేదు, టార్క్‌కు (తిప్పే బలానికి) కరెంటు దిశతో పనే లేదు. ఫేజ్‌ల వరుస మార్చాలి, ఎన్‌కోడర్ లెక్క కూడా దానికి సరిపోవాలి.

సమస్య: వేగం పెరిగేకొద్దీ బలం తగ్గి వేడెక్కుతోంది.
కారణం: పళ్ళు ఎదురెదురుగా వచ్చి దాటిపోయాక కూడా ఫేజ్‌లో కరెంటు మిగిలితే అది రోటర్‌ను వెనక్కి లాగుతుంది.
పరిష్కారం: వేగాన్ని బట్టి ఫేజ్‌కు కరెంటు ఇచ్చే, ఆపే కోణాలు (ఆన్, ఆఫ్) రెండూ మరింత ముందుగానే వచ్చేలా జరపండి.

సమస్య: భరించలేని గోల.
ఈ మోటార్లకు ఎక్కువ చెడ్డపేరు తెచ్చింది ఇదే, కానీ చాలావరకు తగ్గించుకోవచ్చు. కరెంటు ఉన్నంతసేపూ స్టేటర్ లోపలికి లాగబడి కాస్త కోలగా అవుతుంది, ఒక్కసారిగా ఆపితే వెనక్కి తన్ని గంటలా మోగుతుంది. మామూలుగా ఫేజ్‌కు రెండు స్విచ్‌లు ఉంటాయి కాబట్టి ముందు ఒకటి ఆపి, స్టేటర్ కంపనంలో సగం సమయం గడిచాక రెండోది ఆపండి, రెండు తన్నులూ చాలావరకు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. అప్పటికీ తగ్గకపోతే రోటర్‌కూ స్టేటర్‌కూ మధ్య గాలి ఖాళీ చుట్టూ సమానంగా ఉందో లేదో కొలవండి.

మీది ఇదే కుటుంబంలోని మరో రకం, సింక్రనస్ రిలక్టెన్స్ మోటారై ఓవర్‌కరెంట్‌తో ట్రిప్ అవుతుంటే, డ్రైవ్‌లో ఇండక్షన్ మోటార్ అని సెట్ అయి ఉందేమో చూడండి. సరైన రకం ఎంచుకుని ఆటోట్యూన్ (డ్రైవ్ తనంతట తానే మోటార్‌ను కొలుచుకోవడం) చేయాలి. దీని పవర్ ఫ్యాక్టర్ తక్కువ, అంటే అదే పనికి ఎక్కువ ఆంపియర్లు లాగుతుంది, కాబట్టి డ్రైవ్‌ను కిలోవాట్లు చూసి కాదు, నేమ్‌ప్లేట్ మీది ఆంపియర్లు చూసి ఎంచుకోండి.