కారు స్టార్ట్ కాకపోతే ముందు చిన్న బ్యాటరీ చూడండి

రథయాత్రకని రైల్లో పూరీ వెళ్ళి, అటునుంచటే చుట్టాలిళ్ళు చుట్టి ఇరవై రోజులకి పర్లాకిమిడి తిరిగొచ్చేసరికి మా ఎలక్ట్రిక్ కారు డాష్‌బోర్డు నిండా ఎర్ర, పసుపు లైట్లే. రెడీ అన్న గుర్తు రాదు. పెద్ద బ్యాటరీ పోయిందనుకుని ఒకటే టెన్షన్, సర్వీస్ సెంటరంటే మాకు బరంపురమే మరి, లారీ మీద ఎక్కించి పంపాలి.

వైరింగ్ పని చేసే మా బావ మల్టీమీటర్ తెచ్చి, బానెట్ ఎత్తి 12 వోల్టుల చిన్న బ్యాటరీ చూశాడు. కారులోని కంప్యూటర్లకీ లైట్లకీ కరెంటిచ్చేది ఇదే, ఇది డౌనైతే పెద్దది నిండుగా ఉన్నా కారు రెడీ అవదు. 11.4 ఉంది.

మీరూ చూసుకోవచ్చు. కారు ఆపేసి గంట ఆగి, మీటరు డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి, ఎర్ర వైరు ప్లస్‌కి, నల్లది మైనస్‌కి ఆనించండి. 12.4 నుంచి 12.7 ఉంటే బాగున్నట్టే, 12 కన్నా తగ్గితే దానికి విడిగా చార్జింగ్ పెట్టాలి. మేం ఇన్వర్టర్ షాపులో రాత్రంతా పెట్టించాం, పొద్దున్నే లైట్లన్నీ పోయాయి. కారు రెడీలో ఉండగా మళ్ళీ చూస్తే 13.5 పైన రావాలి, రాకపోతే ఆ బ్యాటరీకి చార్జింగ్ ఎక్కించే కన్వర్టరే చెడిందేమో, మెకానిక్‌కి చూపించండి.

ఈ లెక్క లెడ్ యాసిడ్ బ్యాటరీకే, కొన్ని కార్లలో చిన్నది కూడా లిథియమే ఉంటుంది, మాన్యువల్ చూసుకోండి. వరద నీళ్ళలో మునిగినా, కాలిన వాసన వచ్చినా ఇవేవీ చేయకండి, పెద్ద బ్యాటరీ హై వోల్టేజ్ కరెంటు పారే నారింజ రంగు కేబుళ్ళ జోలికైతే ఎప్పుడూ వెళ్ళొద్దు.