చెరువు గట్టు మీద పీహెచ్ మీటరుకు కదలని 5 వోల్టులు

భీమవరం, ఉండి, ఆకివీడు వైపు రొయ్యల చెరువుల దగ్గర సొంతంగా కట్టుకున్న పీహెచ్ మీటరు ఏరియేటర్ (నీటికి గాలి కలిపే యంత్రం) వేయగానే 7.8 నుంచి 8.0కి ఎక్కి, ఆపగానే దిగుతోందంటే అనుమానం నీటి మీద కాదు, మీటరుకు కరెంటిచ్చే సప్లై మీద పడాలి. చెరువు నీరు క్షణంలో మారదు. కొత్త ఎలక్ట్రోడ్‌కు (నీటిలో ముంచే కడ్డీ) డబ్బు పెట్టే ముందు కింది పరీక్ష చేయండి.

ఎలక్ట్రోడ్ తీసేసి, బీఎన్‌సీ సాకెట్ (ఎలక్ట్రోడ్ కేబులు తగిలించేది) మధ్య పిన్నును బయటి రింగుకు చిన్న తీగతో షార్ట్ చేయండి. మీటరు 7 దగ్గర నిలబడాలి. ఇప్పుడు ఏరియేటర్ వేయించండి. అంకె కదిలితే తప్పు సప్లైలోనో గ్రౌండ్‌లోనో ఉంది. కదలకపోతే ఎలక్ట్రోడ్, దాని కేబులు, లేదా నీటి గుండా పారే లీకేజీ కరెంటు చూడాలి.

ఇంత చిన్న మార్పుకే ఎందుకు దెబ్బ తింటుందంటే, 25 డిగ్రీల దగ్గర 1 పీహెచ్‌కు ఎలక్ట్రోడ్ ఇచ్చేది 59.16 మిల్లీవోల్టులే. ఆప్-ఆంప్ (ఆ చిన్న వోల్టేజీని అందుకునే చిప్పు) మధ్య బిందువును, అంటే పీహెచ్ 7కి సరిపడే 2.5 వోల్టులను, 5 వోల్టుల నుంచి రెండు సమాన రెసిస్టర్లతో తీస్తే, సప్లై 20 మిల్లీవోల్టులు కుంగినప్పుడు అది 10 కుంగుతుంది. గెయిన్ (పెంపు) 1 అయితే తెర మీద 0.17 పీహెచ్ తప్పు.

ఫోన్ ఛార్జర్ వాడకండి. అందులో మెయిన్స్ వైపును అవుట్‌పుట్ వైపుకు కలిపే వై-కెపాసిటర్ గుండా వచ్చే లీకేజీకి ఎలక్ట్రోడ్, చెరువు నీరు, నేల దారి ఇస్తాయి. 9 వోల్టుల 500 మిల్లీఆంపుల ట్రాన్స్‌ఫార్మర్, బ్రిడ్జి (ఏసీని డీసీ చేసే నాలుగు డయోడ్లు), 7805 (5 వోల్టుల రెగ్యులేటర్ చిప్పు) మేలు. ప్రైమరీలో 100 మిల్లీఆంపుల స్లో-బ్లో ఫ్యూజు, దాని తర్వాత అడ్డంగా 14డి471 వేరిస్టర్ (ఒక్కసారిగా ఎగిసే వోల్టేజీని మింగేది) పెట్టండి. ఈ భాగం 230 వోల్టుల ప్రాణాంతకం, మూత లేకుండా వదలొద్దు.

బ్రిడ్జి తర్వాతి కెపాసిటర్‌ను మాత్రం లెక్కేసి కొనండి. ఫీడరు చివరి చెరువు దగ్గర లైను 170 వోల్టులకు పడిందనుకుందాం. సెకండరీ 6.65, శిఖరం 9.4, డయోడ్లకు 1.4 పోగా మిగిలేది 8 వోల్టులు. 100 మిల్లీఆంపుల లోడుకు 1000 మైక్రోఫారడ్ పెడితే రిపుల్ (వోల్టేజీ ఎగుడుదిగుడు) దాదాపు 1 వోల్టు, అడుగు 7కి చేరుతుంది. 7805కి కావాల్సింది సరిగ్గా అంతే, ఇంకొంచెం పడితే 100 హెర్ట్జ్ గుంతలు నేరుగా బయటికొస్తాయి. 2200 మైక్రోఫారడ్, 25 వోల్టులది పెడితే రిపుల్ సగం కంటే తగ్గుతుంది. 7805 కాళ్లకు ఆనించి ఇన్‌పుట్ వైపు 0.33 మైక్రోఫారడ్, అవుట్‌పుట్ వైపు 104 (0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్) ఉండాలి.

7805 నుంచి అనలాగ్ చిప్పులకు నేరుగా వెళ్లొద్దు. మధ్యలో 10 ఓమ్‌లు, ఆ తర్వాత గ్రౌండ్‌కు 47 మైక్రోఫారడ్. చిప్పులు 2 మిల్లీఆంపులు తాగితే పడేది 20 మిల్లీవోల్టులే, కానీ అది స్థిరంగా ఉంటుంది. ఈ ఫిల్టర్ పని ఎక్కువ ఫ్రీక్వెన్సీ విద్యుత్ చప్పుడును (నాయిస్) ఆపడం, ఎందుకంటే అక్కడ ఆప్-ఆంప్ సొంతంగా సప్లై చప్పుడును తట్టుకోలేదు. తర్వాత ప్రతి చిప్పు సప్లై కాలు పక్కనే 104 ఉండాలి. పక్కనే అంటే 2, 3 మిల్లీమీటర్లు. రెండంగుళాల తీగ చివర పెట్టిన 104 దాదాపు లేనట్టే.

మధ్య బిందువుకు రెసిస్టర్లు పీకేసి 2.5 వోల్టుల ఎల్ఎం4040 (స్థిరమైన వోల్టేజీ ఇచ్చే చిప్పు) పెట్టండి: 5 వోల్టుల నుంచి 1కె రెసిస్టర్, 2.5 మిల్లీఆంపులు పారతాయి, చిప్పుకు అడ్డంగా 1 మైక్రోఫారడ్. దాని బదులు టీఎల్431 వాడితే అడ్డంగా 104 పెట్టకండి, వోల్టేజీ ఊగిపోయే ప్రమాదం ఉంది. ఏడీఎస్1115 (వోల్టేజీని అంకెగా మార్చే చిప్పు) ఉంటే మధ్య బిందువును రెండో ఇన్‌పుట్‌కు ఇచ్చి తేడా చదివించండి. మధ్య బిందువు కదిలినా అంకెలో కనిపించదు. మా దృష్టిలో అన్నిటికంటే తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితం ఇచ్చే మార్పు ఇదే.

ఏరియేటర్ కాంటాక్టర్‌ను (మోటారును వేసే పెద్ద స్విచ్చు) తిప్పే రిలేకు వేరే సప్లై ఇవ్వండి. రిలే కాయిల్‌కు 1ఎన్4007 డయోడు తిరగేసి కట్టాలి. కాంటాక్టర్ కాయిల్‌కు 100 ఓమ్‌లు, 0.1 మైక్రోఫారడ్ ఎక్స్2 (మెయిన్స్‌కు తగిన) కెపాసిటర్ వరుసగా కలిపి అడ్డంగా. రిలే గ్రౌండ్ తీగ 2200 కెపాసిటర్ నెగటివ్ కాలు దగ్గరే కలవాలి, ఆప్-ఆంప్ గ్రౌండ్ దారిలో కాదు.

నర్సాపురం, అంతర్వేది వైపు ఉప్పుగాలికి బోర్డు మీద మిగిలిన సోల్డరింగ్ ఫ్లక్స్ తేమ పీల్చి, పీహెచ్ ఇన్‌పుట్ దగ్గర చిన్న లీకేజీ దారి వేస్తుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో బ్రష్ పెట్టి కడిగి, పూర్తిగా ఆరాకే తేమ ఆపే కోటింగ్ కొట్టండి. మురికి మీద కొడితే తేమ లోపలే చిక్కుకుంటుంది.

చివరగా ఏరియేటర్లన్నీ నడుస్తుండగా ఆప్-ఆంప్ సప్లై కాళ్ల మీదే మల్టీమీటర్ ఏసీ మిల్లీవోల్టు రేంజిలో కొలవండి. 2 కంటే తక్కువ రావాలి. తర్వాత బీఎన్‌సీ షార్ట్ పరీక్ష మళ్లీ చేయండి, ఎందుకంటే ఎక్కువ ఫ్రీక్వెన్సీ చప్పుడు మామూలు మీటరుకు కనపడదు.