ఎండాకాలం బలిమెల జలాశయంలో వాలుగకి గాలం

బలిమెల పూర్తి మట్టం 1516 అడుగులు. సీలేరు మీద ఆంధ్ర, ఒడిశా కలిసి కట్టుకున్న జలాశయం ఇది. కరెంటు కోసం రెండు వైపులవాళ్లూ నీళ్లు వాడుకుంటారు కనుక ఎండలు ముదిరేకొద్దీ మట్టం దిగుతూ పోతుంది. వానలు పడ్డాకే మళ్లీ పెరుగుతుంది. సంక్రాంతికి చేప దొరికిన చోటు మే నెలకి ఎండిన బురద అయిపోవచ్చు. కాబట్టి ముందు చేసుకోవాల్సిన పని గాలం కట్టడం కాదు, నేల చదువుకోవడం.

మట్టం బాగా దిగినప్పుడు ఒక సాయంత్రం గట్టు వెంబడి నడవండి. మునిగిపోయిన పాత గెడ్డలు (వాగులు), చెట్ల మొదళ్లు, బండల వరసలు, పొలం గట్లు అన్నీ బయటపడి ఉంటాయి. ఫోన్‌లో ఫొటో తీసి, మ్యాప్‌లో గుర్తు పెట్టుకోండి. మట్టం పెరిగాక కూడా పనికొచ్చే సమాచారం ఇదే. ఇంకా నీళ్లలోనే ఉన్న నేల తెలియాలంటే సన్నతాడుకి పావుకిలో సీసం కట్టి, బారకొక ముడి వేసి, పడవ మీద నుంచి దింపుతూ పోవాలి. ఠక్కుమని తగిలితే బండ. మెత్తగా దిగబడి, లాగితే పీల్చినట్టుంటే బురద.

వాలుగ పగలు వెలుతురుకి దూరంగా మొద్దుల వేళ్ల కింద, బండ అంచుల్లో, గెడ్డ కోసిన ఒడ్డు పక్కన పడుకుంటుంది. చీకటి పడ్డాక పరిగెల (చిన్న చేపల) కోసం తెరపిగా ఉన్న లోతు తక్కువ చదును మీదికి వస్తుంది. మీకు కావలసింది ఆ రెండూ కలిసే చోటు. ఒక పక్క బారెడు నీళ్లున్న చదును, పక్కనే మూడు నాలుగు బారలకి దిగిపోయే పాత గెడ్డ. అలాంటి అంచు మీద మొద్దు ఒకటి ఉంటే ఇక వేరే చోటు వెతకనక్కర్లేదు.

అన్నిటికన్నా లోతైన చోటే పెద్ద చేప ఉంటుందని చాలామంది అనుకుంటారు. ఎండాకాలం అది నష్టమే. గాలి ఆడని రోజుల్లో పైన వేడినీళ్లు, కింద చల్లనీళ్లు కలవవు. అడుగున ఆకూ అలమూ కుళ్లి ప్రాణవాయువు అయిపోతుంది. పైకి తీసిన సీసానికి కుళ్లిన గుడ్డు వాసన వస్తే ఆ లోతు వదిలేయండి. వాసన లేకపోయినా అనుమానం ఉంటే బతికున్న పరిగెని గాలానికి గుచ్చి పది నిమిషాలు దింపి ఉంచండి. నిస్సత్తువగా పైకొస్తే రెండు బారలు తగ్గించి మళ్లీ చూడండి.

జనం మధ్య వేళ చూసుకోవడం

ఎండాకాలం రేవులు ఖాళీగా ఉండవు. లాంచీలు, ఇంజిన్ పడవలు, స్నానాలు, బట్టలు, పశువులు. సంత రోజైతే చెప్పనే అక్కర్లేదు. లాంచీ దారికి దగ్గర్లోని అంచులు పగలంతా దండగ. కానీ ఆఖరి పడవ వెళ్లిన అరగంటకి అదే అంచు మీద వాలుగ తిరగడం మొదలవుతుంది, ఎందుకంటే రోజంతా కదిలిన బురదకి చిన్న చేపలు చేరి ఉంటాయి. బురద నీళ్లూ తేట నీళ్లూ కలిసే గీత మీద ఎర వేయండి. పొద్దుగూకిన తర్వాత రెండు గంటలు, తెల్లవారుజామున మొదటి ఇంజిన్ చప్పుడు వినిపించేదాకా, ఇవే అసలు వేళలు. పగలే పట్టాలంటే గాలికి అలలు వచ్చి కొట్టే ఒడ్డుకి వెళ్లాలి. అక్కడ నీళ్లు కలకబారి, వెలుతురు తగ్గి ఉంటుంది.

సాయంత్రం కట్టిన వలల బెండ్లు, తేలే ఖాళీ సీసాలు కనిపిస్తే కనీసం యాభై మీటర్లు ఎడంగా ఉండండి. వల తెగితే తగాదా. అయితే ఆ వల ఏ దిక్కుగా కట్టారో చూసుకోండి, చేప నడిచే దారి తెలుస్తుంది. ఇక్కడి జలాశయాల్లో చేపల హక్కు మామూలుగా మత్స్యకార సహకార సంఘాలది. గాలం వేసేముందు రేవులో అడిగి వెళ్లడం పద్ధతి. ఒడియావాళ్లని అడిగేటప్పుడు వాలుగని ‘బాలియా’ అంటే సరిపోతుంది.

గాలం, ఎర

దారం 0.45 నుంచి 0.50 మి.మీ. నైలాన్. సన్నదారంతో మొద్దుల మధ్య చేపని నిలబెట్టలేరు. కొక్కెం 3/0 నుంచి 5/0 సైజు. నడుమ కన్నం ఉన్న 30 గ్రాముల సీసాన్ని దారానికి గుచ్చి, దాని కింద ఒక పూస, పూస కింద స్వివెల్ (దారం మెలిపడకుండా తిరిగే చిన్న లోహపు కడియం) ముడి వేయండి. స్వివెల్ నుంచి కొక్కేనికి మూరెడు పొడవున 0.80 మి.మీ. నైలాన్ గానీ, మెత్తని స్టీలు తీగ గానీ కట్టాలి. వాలుగ పళ్లు చిన్నవే, కానీ ఆకురాయిలా వరసలుగా ఉంటాయి. మామూలు దారాన్ని పెనుగులాటలో అరగదీసేస్తాయి. సీసం జారేలా ఎందుకంటే, ఎర పట్టుకోగానే బరువు తగిలితే వాలుగ వదిలేస్తుంది. అడుగంతా మొద్దులే అయితే సీసం తగ్గించి బెండు కట్టి, ఎర నేలకి రెండు జానల పైన ఆడేలా చూడండి.

ఎరకి బెత్తెడు పరిగె బతికున్నదైతే మేలు. వీపు రెక్కకి ముందు, వెన్నెముకకి పైన తోలులో గుచ్చాలి. లోతుగా గుచ్చితే వెంటనే చస్తుంది. పరిగెలు లేనప్పుడు కోడిపేగులు పనిచేస్తాయి, రొయ్య కూడా. వానపాము పెడితే జెల్లలే వస్తాయి. పరిగెల బకెట్టు మీద తడిగోనె కప్పి, అరగంటకోసారి సగం నీళ్లు జలాశయం నీళ్లతో మార్చండి. ఎండలో బకెట్టు పెట్టి పడుకుంటే లేచేసరికి ఎర ఉండదు. వేరే చెరువు నుంచి బతికున్న చేపలు తెచ్చి ఇక్కడ వదలకండి. తిలాపియా, నిషేధించిన ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పిల్లలు అలాగే వ్యాపిస్తాయి.

రీలు వదులుగా ఉంచి, దారం వేళ్ల మధ్య పట్టుకోండి. మొదట రెండు తట్లు, తర్వాత ఒకే దిక్కుకి సాగిపోతుంది. తట్టుకే లాగితే ఎర మాత్రమే వస్తుంది. సాగడం మొదలయ్యాక మూడు లెక్కపెట్టి రీలు బిగించి గట్టిగా ఎత్తండి. పది దాకా ఆగితే కొక్కెం కడుపులోకి పోతుంది, చిన్నదాన్ని వదిలేద్దామన్నా బతకదు. తగిలిన వెంటనే పక్కకి లాగి మొద్దుల నుంచి తప్పించాలి. మొదటి పది మీటర్లలోనే చేప పోయేదీ దొరికేదీ తేలిపోతుంది. తర్వాత పెద్ద వాలుగ కూడా తొందరగా అలసిపోతుంది.

పైకి తీసేటప్పుడు చేతివల వాడండి. నోట్లో వేలు పెట్టకండి, కొక్కెం పటకారుతో తీయండి. జెల్ల తగిలితే పక్క ముళ్లు, వీపు ముల్లు చూసుకోవాలి. అవి గుచ్చుకుంటే గంటల తరబడి మంట.

ఒడిశాలోని మల్కన్‌గిరి వైపు నీళ్లలో మొసళ్లు ఉంటాయి. చీకట్లో మోకాలి లోతుకి దిగడం, ఒడ్డునే చేప కోసి పేగులు నీళ్లలో పారేయడం రెండూ మానండి. ఏప్రిల్, మే సాయంత్రాల్లో మబ్బు నల్లబడి చల్లగాలి తగిలితే అప్పుడే ఒడ్డుకి రండి, ఉరుము వినేదాకా ఆగొద్దు. లైఫ్ జాకెట్ వేసుకోకుండా నాటుపడవ ఎక్కకండి. ఆనకట్ట దగ్గర, విద్యుత్ కేంద్రానికి నీళ్లు వెళ్లే చోట గాలం వేయనివ్వరు.

తొలకరి తగలగానే వాలుగ గుడ్లు పెట్టే కాలం. పొట్ట ఉబ్బి, నొక్కితే గుడ్లు వచ్చేవాటినీ, మూరన్నర లోపువాటినీ వదిలేయండి. నదుల్లో వాలుగ ఇప్పటికే తగ్గిపోయింది. ఇంటికి తీసుకెళ్లేదాన్ని మాత్రం వెంటనే మొప్పలు కోసి నెత్తురు కార్చి, పేగులు తీసి ఐసులో పెట్టాలి. పొలుసు లేని చేప, ఎండకి రెండు గంటల్లో మెత్తబడుతుంది. జిగురు పోవడానికి కల్లుప్పు, చింతపండు వేసి రుద్ది రెండుసార్లు కడిగితే చాలు.