కాలేజీలో ఫెడరల్ ఎయిడ్ ఆగకుండా: ఎస్‌ఏపీ లెక్క, విత్‌డ్రా, అప్పీల్

అమెరికాలో పిల్లలు కాలేజీకి వెళ్లే ఇళ్లలో ఫాఫ్సా, అంటే ప్రభుత్వ (ఫెడరల్) ఆర్థిక సాయానికి పెట్టే దరఖాస్తు, నింపడం గురించి తెలియనివాళ్లు ఉండరు. ఏటా ఫాఫ్సా నింపినంత మాత్రాన ఎయిడ్ కొనసాగదని మాత్రం చాలామందికి డబ్బు ఆగిపోయాకే తెలుస్తుంది. పెల్ గ్రాంట్ (తిరిగి కట్టనక్కర్లేని సాయం), డైరెక్ట్ లోన్లు, వర్క్-స్టడీ (చదువుతూ చేసే పార్ట్‌టైమ్ పని), తల్లిదండ్రులు తీసుకునే పేరెంట్ ప్లస్ లోన్, వీటన్నిటికీ కలిపి ఒకే షరతు ఉంది: శాటిస్‌ఫాక్టరీ అకడమిక్ ప్రోగ్రెస్. ఆఫీసుల్లో దాన్ని ఎస్‌ఏపీ అంటారు. చదువు సరైన మార్కులతో, సరైన వేగంతో, సరైన గడువులో సాగుతోందా అని కాలేజీ వేసే లెక్క ఇది.

ఫెడరల్ ఎయిడ్ పౌరులకూ గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకూ వస్తుంది. హెచ్-4 డిపెండెంట్ వీసా మీద ఉన్న పిల్లలకూ ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద వచ్చిన విద్యార్థులకూ రాదు. అయితే కాలేజీ సొంతంగా ఇచ్చే స్కాలర్‌షిప్‌ల లేఖల్లోనూ దాదాపు ఇలాంటి షరతులే ఉంటాయి కాబట్టి ఈ లెక్క వాళ్లూ తెలుసుకోవడం మంచిది.

మొదట చేయాల్సిన పని: కాలేజీ ఫైనాన్షియల్ ఎయిడ్ పేజీలో ఎస్‌ఏపీ పాలసీ తెరిచి మూడు అంకెలు రాసుకోవడం. ఫెడరల్ నియమం చట్రం మాత్రమే ఇస్తుంది, కొన్ని అంకెలు కాలేజీ పెట్టుకుంటుంది.

ఒకటి, జీపీఏ, అంటే 4.0 కొలమానం మీద గ్రేడుల సగటు. అండర్‌గ్రాడ్‌కు ఎక్కువచోట్ల 2.0, మాస్టర్స్‌కు 3.0. కొన్ని కాలేజీలు మొదటి ఏడాది కాస్త తక్కువకు ఒప్పుకుంటాయి. కానీ రెండేళ్లు దాటే కోర్సుల్లో రెండో ఏడాది చివరికి సి గ్రేడు సగటు గానీ, డిగ్రీ పూర్తికి కాలేజీ అడిగే స్థాయి గానీ ఉండి తీరాలి.

రెండు, పేస్. ఇప్పటిదాకా పాసైన క్రెడిట్లను (కోర్సు బరువుకు కొలత, కింది ఉదాహరణల్లో ఒక్కో కోర్సుకు 3), ఇప్పటిదాకా నమోదు చేసుకున్న క్రెడిట్లతో భాగిస్తే వచ్చేది. ఎక్కువ కాలేజీలు 67 శాతం అడుగుతాయి. కొన్ని 66.67 అని రాస్తాయి. ఈ తేడా ఎక్కడ తగులుతుందో కింద చూద్దాం.

మూడు, గరిష్ఠ గడువు. డిగ్రీకి కావాల్సిన క్రెడిట్లకు ఒకటిన్నర రెట్లు. 120 క్రెడిట్ల బ్యాచిలర్స్‌కు 180, 60 క్రెడిట్ల అసోసియేట్‌కు 90. 180 దాటేదాకా ఆగరు. మిగిలిన కోర్సులన్నీ పాసైనా 180 లోపు డిగ్రీ పూర్తికాదని లెక్కలో తేలిన రోజే ఎయిడ్ ఆగుతుంది.

ఈ మూడింటిలో జీపీఏను అందరూ కనిపెట్టుకునే ఉంటారు. మనవాళ్ల పిల్లల్ని ఎక్కువగా పడగొట్టేది పేస్. ఇంజనీరింగ్‌లోనో ప్రీ-మెడ్‌లోనో గ్రేడు బి కంటే తగ్గుతుందన్న భయంతో కోర్సు విత్‌డ్రా చేసి (మధ్యలో వదిలేసి) జీపీఏ కాపాడుకుంటారు. ట్రాన్‌స్క్రిప్ట్ మీద 3.4 నిగనిగలాడుతూ ఉంటుంది, పేస్ మాత్రం 60కి జారిపోయి ఉంటుంది.

ఒక ఉదాహరణ. రెండు సెమిస్టర్లలో 15 చొప్పున 30 క్రెడిట్లు నమోదు. మూడు కోర్సులు విత్‌డ్రా, ఒకటి ఫెయిల్, మొత్తం 12 క్రెడిట్లు పోయాయి. పాసైనవి 18. పేస్ 60 శాతం. మళ్లీ మూడింట రెండొంతులకు చేరాలంటే ఎన్ని క్రెడిట్లు వరసగా పాస్ కావాలి? నమోదైన క్రెడిట్లను రెండుతో, పాసైనవాటిని మూడుతో గుణించి, మొదటిదానిలోంచి రెండోది తీసేయండి. 60 లోంచి 54 పోతే 6. అంటే రెండు కోర్సులు తీసుకుని రెండూ పాసైతే 36కి 24, సరిగ్గా మూడింట రెండొంతులు, 66.67. ఇక్కడే ఇందాకటి తేడా పట్టుకుంటుంది. మీ కాలేజీ దగ్గరి పూర్ణ శాతానికి సవరిస్తుందా, కచ్చితంగా 67 కావాలంటుందా అని ఆఫీసును ముందే అడగండి. కచ్చితంగా కావాలంటే ఇంకో కోర్సు పట్టాలి. అదే 45 నమోదై 24 పాసైతే 90 లోంచి 72 పోయి 18 తేలుతుంది, అంటే ఒక సెమిస్టర్‌లో తేలే పని కాదు.

జీపీఏకూ ఇలాగే ముందు లెక్క వేయొచ్చు. 30 క్రెడిట్ల మీద 1.8 ఉంటే గ్రేడ్ పాయింట్లు 54. 45 క్రెడిట్ల దగ్గర 2.0 కావాలంటే 90 పాయింట్లు ఉండాలి. తక్కువైన 36ను 15 క్రెడిట్లలో తెచ్చుకోవాలంటే వచ్చే సెమిస్టర్‌లో 2.4 రావాలి.

ఏది ఎక్కడ లెక్కకొస్తుంది

సెమిస్టర్ మొదట్లో ఉండే యాడ్-డ్రాప్ గడువు లోపల వదిలేసిన కోర్సు అసలు నమోదు కిందికే రాదు. ఆ గడువు దాటాక వదిలితే అది డబ్ల్యూ. జీపీఏను తాకదు, పేస్‌లో మాత్రం నమోదై పాస్ కాని కోర్సుగా నిలిచిపోతుంది. ఎఫ్ రెండింటినీ తాకుతుంది. ఇన్‌కంప్లీట్ కూడా గ్రేడు పడేదాకా పాస్ కానట్టే. పెండింగ్ పని పూర్తిచేసి గ్రేడు పడ్డాక లెక్క మళ్లీ వేయమని ఆఫీసుకు మెయిల్ పెట్టడం మరచిపోవద్దు, చాలాచోట్ల అది దానంతటది మారదు. పాస్-ఫెయిల్ పద్ధతిలో తీసుకున్న కోర్సు పాసైతే పేస్‌కు పనికొస్తుంది, జీపీఏకు కాదు.

మళ్లీ రాసే కోర్సుల దగ్గర పొరపాటు పడేవాళ్లు ఎక్కువ. కొత్త గ్రేడు పాతదాని స్థానంలోకి వస్తుందని కాలేజీ చెప్పేది జీపీఏ గురించే. పేస్‌లో రెండు ప్రయత్నాలూ నమోదుగానే ఉంటాయి. ఫెయిలైన కోర్సుకు పాసయ్యేదాకా ఫెడరల్ ఎయిడ్ వాడుకోవచ్చు, ఎస్‌ఏపీ ఉన్నంతవరకు. పాసైన కోర్సును మంచి గ్రేడు కోసం మళ్లీ తీసుకుంటే ఎయిడ్ ఒక్కసారికే. సి ని ఏ చేసుకోవాలని మూడోసారి కూర్చుంటే ఆ ఫీజు జేబులోంచే. పాత గ్రేడులు మాఫీ చేసి కొత్తగా మొదలుపెట్టనిచ్చే పథకం కాలేజీలో ఉన్నా ఫెడరల్ లెక్కలో మాఫీ ఉండదు. ఎయిడ్ తీసుకోని సెమిస్టర్లు కూడా లెక్కలోనే ఉంటాయి.

వేరే కాలేజీ నుంచి బదిలీ అయి ఈ కాలేజీ ఒప్పుకున్న క్రెడిట్లు నమోదులోనూ పాస్‌లోనూ రెండుచోట్లా పడతాయి. దీనివల్ల ఒక మేలుంది. పేస్ తక్కువైనప్పుడు వేసవిలో దగ్గర్లోని కమ్యూనిటీ కాలేజీలో చవగ్గా రెండు కోర్సులు పాసై బదిలీ చేయించుకుంటే పేస్ పెరుగుతుంది. అక్కడి గ్రేడు మాత్రం సాధారణంగా ఇక్కడి జీపీఏలో కలవదు. అంటే ఈ మందు పేస్‌కే, జీపీఏ తక్కువైనవాళ్లు తమ కాలేజీలోనే సమ్మర్ కోర్సు తీసుకోవాలి. కోర్సు బదిలీ అవుతుందని అడ్వైజర్ దగ్గర ముందే రాతపూర్వకంగా తీసుకోండి.

అదే నియమానికి రెండో వైపు కూడా ఉంది. హైస్కూల్లో ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) పరీక్షలూ, కాలేజీ కోర్సులు ముందే చదివే డ్యూయల్ ఎన్‌రోల్‌మెంటూ కలిపి 40, 50 క్రెడిట్లతో కాలేజీలో అడుగుపెట్టే మన పిల్లలకు పేస్ బాగానే కనిపిస్తుంది, కానీ చాలా కాలేజీల్లో ఆ క్రెడిట్లు 180 గడువులోంచి ముందే తరిగిపోతాయి. మూడో ఏట బయాలజీ వదిలి కంప్యూటర్ సైన్స్‌కు మారినా, రెండో మేజర్ కలుపుకున్నా గడువు తోసుకొస్తుంది. మేజర్ మారితే కొత్త డిగ్రీకి పనికొచ్చే క్రెడిట్లనే లెక్కించే కాలేజీలున్నాయి, అన్నీ లెక్కించేవీ ఉన్నాయి. మారే ఫారం మీద సంతకం పెట్టకముందే అడగాల్సిన ప్రశ్న ఇది.

విత్‌డ్రా బటన్ నొక్కేముందు

ఒక కోర్సు వదలడం వేరు, సెమిస్టర్ మొత్తం వదలడం వేరు. మొత్తం వదిలితే ఎస్‌ఏపీతోపాటు డబ్బు వెనక్కి ఇచ్చే నియమం కూడా మీద పడుతుంది. సెమిస్టర్‌లో 60 శాతం రోజులు దాటేదాకా ఎయిడ్ పూర్తిగా మనది కాదు. 15 వారాల సెమిస్టర్‌లో అది దాదాపు తొమ్మిదో వారం చివర. 3,600 డాలర్ల ఎయిడ్ తీసుకుని 30 శాతం దగ్గర మానేస్తే 1,080 మాత్రమే సంపాదించుకున్నట్టు. మిగిలినదాంట్లో కాలేజీ తన వంతు ప్రభుత్వానికి పంపేసి, దాన్ని విద్యార్థి ఖాతాలో బాకీగా రాస్తుంది. చెప్పకుండా క్లాసులు ఎగ్గొట్టి అన్నిట్లో ఎఫ్ తెచ్చుకుంటే ఇంకా చిక్కు. చివరిసారి ఎప్పుడు హాజరయ్యాడో ఆధారం లేకపోతే సెమిస్టర్ సగంలో మానేసినట్టు లెక్కించవచ్చు.

ఒక్క కోర్సే వదిలేటప్పుడు కూడా మిగిలిన క్రెడిట్లు చూసుకోండి. లోన్లకు కనీసం సగం లోడ్, అండర్‌గ్రాడ్‌లో సాధారణంగా 6 క్రెడిట్లు ఉండాలి. అంతకు తగ్గితే తిరిగి చెల్లింపు మొదలయ్యే ముందు ఇచ్చే ఆరు నెలల గ్రేస్ అప్పుడే కరగడం మొదలవుతుంది.

రాష్ట్రం ఇచ్చే డబ్బుకు గీత ఇంకా పైన ఉండొచ్చు. జార్జియా హోప్ స్కాలర్‌షిప్‌కు 30, 60, 90 క్రెడిట్ల దగ్గర 3.0 చూస్తారు, అదే రాష్ట్రపు జెల్ మిల్లర్ స్కాలర్‌షిప్‌కు 3.3. టెక్సస్ గ్రాంట్‌కు మొదటి ఏడాది దాటాక 2.5 జీపీఏ, నమోదులో 75 శాతం పాస్, ఏడాదికి 24 క్రెడిట్లు కావాలి. ఫెడరల్ 67 దాటామని నిశ్చింతగా ఉంటే అక్కడ దెబ్బ తగులుతుంది.

నోటీసు వచ్చాక

కొన్ని కాలేజీలు ప్రతి సెమిస్టర్ చివరా, కొన్ని ఏడాదికోసారి వసంతం గ్రేడులు పడ్డాకా ఎస్‌ఏపీ చూస్తాయి. సెమిస్టర్‌వారీగా చూసేచోటే వార్నింగ్ అనే వెసులుబాటుంది. అప్పీల్ అక్కర్లేకుండా ఇంకో సెమిస్టర్ ఎయిడ్ ఇస్తారు, ఆ సెమిస్టర్ చివరికి గీత దాటాలి. ఏడాదికోసారి చూసేచోట నేరుగా ఎయిడ్ సస్పెన్షనే. నోటీసు విద్యార్థి కాలేజీ మెయిల్‌కే వెళుతుంది. ఫెర్పా చట్టం ప్రకారం కాలేజీలో చేరాక రికార్డుల మీద హక్కు విద్యార్థిది కాబట్టి, ఫీజు కట్టే నాన్న ఫోన్ చేసినా సమాధానం రాకపోవచ్చు. చేరినప్పుడే సమాచారం ఇవ్వడానికి అనుమతి ఫారం మీద పిల్లల సంతకం పెట్టించుకోండి. రిజిస్ట్రార్ పేజీలో అకడమిక్ స్టాండింగ్ బాగుందని ఉన్నా సంబరపడొద్దు, అది ఎస్‌ఏపీ కాదు.

అప్పీల్‌లో చదివేవాళ్లు రెండే వెతుకుతారు: ఎందుకు తప్పింది, ఇప్పుడు ఏం మారింది. ఫెడరల్ నియమంలో ఉన్న కారణాలు బంధువు మరణం, విద్యార్థి అనారోగ్యం లేదా గాయం, ఇతర ప్రత్యేక పరిస్థితులు. ఉత్తరం ఒక పేజీ దాటనివ్వకండి. తారీఖులు ట్రాన్‌స్క్రిప్ట్‌తో కలవాలి. అక్టోబరులో జరిగినదాన్ని చెప్పి అంతకుముందు వసంతంలో వచ్చిన ఎఫ్‌లను వదిలేస్తే అక్కడే తిరగ్గొడతారు. ప్రొఫెసర్ కఠినమనో, సబ్జెక్టు కష్టమనో రాస్తే పనికిరాదు. ఉత్తరం రెండో సగంలో, ఇప్పుడు ఏం మారిందో చూపే పనులు రాయండి: ట్యూటరింగ్ సెంటర్లో వేసుకున్న టైము, ఉద్యోగం గంటలు 25 నుంచి 10కి తగ్గించిన కాగితం, అడ్వైజర్ సంతకంతో కోర్సుల ప్లాన్. ఇకపై కష్టపడి చదువుతానన్న వాక్యం ఒక్కటే ఉంటే చాలదు.

ఇండియాలో తాతయ్యో అమ్మమ్మో పోయి సెమిస్టర్ చెడినప్పుడు, నియమంలో ఉన్నది బంధువు అన్న మాటే కాబట్టి అది చెల్లే కారణమే. మరణ ధ్రువపత్రం తెలుగులోనే ఉంటే ఇంగ్లిష్ అనువాదం జతచేయండి, ప్రయాణం చేసుంటే బోర్డింగ్ పాసులూ పెట్టండి. అమ్మమ్మ ఇంటిపేరు పిల్లల ఇంటిపేరుతో కలవదు, చదివే ఉద్యోగికి అది తెలియదు. ఆమె మా అమ్మకు తల్లి అని ఒక వాక్యం రాయాలి.

డిప్రెషన్, ఆందోళన కారణమైనప్పుడు మన ఇళ్లలో దాన్ని జ్వరమనో కడుపునొప్పనో రాయించే అలవాటుంది. దానివల్ల నష్టమే, ఆధారం దొరకదు. రోగం వివరాలన్నీ బయటపెట్టనక్కర్లేదు. ఫలానా తేదీల మధ్య చికిత్సలో ఉన్నారు, ఇప్పుడు చదువు కొనసాగించగలరు అని కౌన్సిలర్ లేదా డాక్టర్ లెటర్‌హెడ్ మీద రెండు వాక్యాలుంటే చాలు.

అప్పీల్ ఒప్పుకుంటే ప్రొబేషన్ మీద ఒక సెమిస్టర్ ఎయిడ్ వస్తుంది. ఒక సెమిస్టర్‌లో గీత అందుకోలేనంత దూరంగా ఉంటే అకడమిక్ ప్లాన్ పెడతారు: ప్రతి కోర్సూ సి పైన, విత్‌డ్రా లేకుండా, ఇలాంటివి. ఆ కాలంలో మొత్తం 67 రాకపోయినా ప్లాన్ తప్పకపోతే డబ్బు ఆగదు. ప్లాన్‌లో లేని కోర్సుకు మారాలంటే ముందు మెయిల్ పెట్టి ఒప్పించుకోండి.

తిరస్కరిస్తే కాలేజీ మాటే ఆఖరు, విద్యాశాఖకు పైఅప్పీల్ లేదు. ఒక సెమిస్టర్ ఇంట్లో కూర్చున్నా, సొంత డబ్బు కట్టి చదివినా అంతమాత్రాన ఎయిడ్ తిరిగి రాదు, అంకెలు గీత దాటాలి. అందుకే సొంత డబ్బుతో చదివే ఆ సెమిస్టర్‌లో 15 క్రెడిట్లు పెట్టుకోకుండా, పై లెక్కలో తేలినన్ని మాత్రమే, తప్పక పాసయ్యేవి ఎంచుకోవాలి. కొన్ని ప్రైవేటు లోన్ సంస్థలు ఎస్‌ఏపీ అడగవు, కానీ వడ్డీ ఎక్కువ, పైగా తల్లిదండ్రుల కోసైన్ (హామీ సంతకం) కావాలి. గ్రేడులు పడ్డ రోజే ఎస్‌ఏపీ లెక్క మళ్లీ చూడమని కోరే రీవ్యూ ఫారం ఇస్తే తర్వాతి సెమిస్టర్ ఫీజు గడువులోపు ఎయిడ్ తిరిగి పడే అవకాశం ఉంటుంది.