దారిలో దొరికిన ఒంటరి బాతు పిల్లను ఇంట్లో పెంచడం ఎలా?

చేప పిల్లకు ఈత నేర్పాలా అని సామెత. దాన్ని తెచ్చి బాతు పిల్లకు అంటగట్టడం వల్లే ఇంత నష్టం జరుగుతోంది. పిల్లను ఇంటికి తెచ్చిన గంటలోనే టబ్బు నిండా నీళ్లు పోసి వదులుతారు. అది రెండు చుట్లు తిరుగుతుంది, ఇంటిల్లిపాదీ ముచ్చటపడతారు. తెల్లారేసరికి కాళ్లు చాపి బిగుసుకుపోయి ఉంటుంది. తల్లి లేని పిల్లకు నీళ్లు ఎలా పెట్టాలో తెలిస్తే సగం పని అయినట్టే.

ముందు అది ఎవరి పిల్లో చూడండి. కృష్ణా, గోదావరి డెల్టాల్లో, నెల్లూరు వైపు కోతలయ్యాక బాతుల మందల్ని చేలల్లో మేపుతూ తిప్పుతారు. వెనకబడ్డ పిల్ల కాలవ గట్టున దొరికితే మంద దగ్గర్లోనే ఉండొచ్చు, కాపరికి ఇచ్చేయండి. మందలేవీ రాని చెరువు దగ్గర దొరికితే అది అడవి బాతు పిల్ల కావచ్చు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని ఇంట్లో పెంచకూడదు, అటవీ శాఖకు చెప్పాలి. చుట్టుపక్కల పక్షులు చచ్చి పడి ఉంటే అసలు ముట్టుకోవద్దు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్ల ఫారాల్లో బర్డ్‌ఫ్లూ ఎలా పాకిందో చూశాం. అలాంటప్పుడు పశుసంవర్ధక శాఖకు కబురు చేయడమే పని.

పెట్టె, వెచ్చదనం

మోకాలెత్తు అట్టపెట్టె చాలు. అడుగున గోనెపట్ట పరవండి. న్యూస్‌పేపర్ వద్దు. దాని మీద కాళ్లు జారి, రెండు పక్కలకూ చీలిపోయి, పిల్ల మళ్లీ నిలబడలేదు. రంపపు పొట్టు కూడా వద్దు, మేత అనుకుని మింగేస్తుంది. పెట్టెకు ఒక మూలన మాత్రమే 60 వాట్ల పాతకాలపు ఫిలమెంట్ బల్బు వేలాడదీయండి. ఎల్‌ఈడీ బల్బు వెలుగిస్తుంది గానీ వేడి ఇవ్వదు. మొదటి వారం పిల్ల వీపు ఎత్తులో 32 డిగ్రీలు ఉండాలి, ఆ తర్వాత వారానికి 3 డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ రావాలి. మే నెలలో పగలు బల్బు అక్కర్లేదు. పిల్ల ముక్కు తెరిచి ఎగరొప్పుతుంటే వేడి ఎక్కువైంది, బల్బు కిందే ముడుచుకుని అరుస్తుంటే తక్కువైంది. పైన వల కప్పండి. పిల్లి, ఎలుక, కాకి, ముంగిస ఏదొచ్చినా ఒక్క నిమిషం పని.

నీళ్లు

బాతు పిల్లకు నీళ్లు లేకుండా మేత దిగదు. పొడి దాణా గొంతులో ఉండకట్టుకుంటుంది. అంతేకాదు, ముక్కు మొత్తం నీళ్లలో ముంచి చీదితేనే ముక్కు రంధ్రాలు శుభ్రమవుతాయి, కళ్లు పుసులు కట్టకుండా ఉంటాయి. కాబట్టి పళ్లెంలో పలుచగా పోసిన నీళ్లు సరిపోవు. అలాగని లోతైన గిన్నె పెడితే అందులోకి దిగి తడిసిపోతుంది.

తడిస్తే ఏమవుతుంది? తల్లి కింద దూరి పడుకునే పిల్లకు ఆమె ఈకల్లోని నూనె అంటుతుంది, నూగు మీద నీళ్లు నిలవవు. ఒంటరి పిల్లకు ఆ పూత లేదు. తోక మొదట్లో దానికీ నూనె గ్రంథి ఉంటుంది గానీ, అది సరిగ్గా పనిచేయడానికి వారాలు పడుతుంది. అందాకా నూగు స్పాంజిలా నీళ్లు పీల్చి ఒంటికి అతుక్కుంటుంది, ఒంట్లో వేడంతా పోతుంది. వేసవిలో కూడా ఇలాగే చనిపోతాయి.

మొదటి వారం మట్టి మూకుడే వాడాలి. స్టీలు గిన్నె తిరగబడుతుంది. మూకుట్లో ఉసిరికాయంత గులకరాళ్లు పేర్చి, వాటి మధ్య అంగుళం లోతు నీళ్లు పోయండి. ముక్కు మునుగుతుంది, ఒళ్లు మునగదు. రాళ్లు చిన్నవైతే మింగుతుంది. రెండో వారం నుంచి మూతున్న లీటరు పెరుగు డబ్బా మేలు. అడుగు నుంచి రెండంగుళాల పైన, పక్క గోడకు పిల్ల తల పట్టేంత రంధ్రం కోసి, అంచు గీసుకోకుండా టేపు చుట్టండి. నీళ్లు రంధ్రానికి కాస్త కిందివరకు పోయండి. తల దూర్చి తాగుతుంది, దిగలేదు. ఏది పెట్టినా దాని కింద ట్రే, ట్రే మీద సన్నకళ్ల ఇనుప వల ఉండాలి. చిమ్మిన నీళ్లు ట్రేలోకి పోతాయి, గోనె తడవదు. రోజుకు మూడుసార్లు నీళ్లు మార్చండి.

మొదటి స్నానం పది రోజుల తర్వాతే, మిట్టమధ్యాహ్నం మాత్రమే. మణికట్టుకు గోరువెచ్చగా తగిలే నీళ్లు, కాళ్లు అడుగుకు ఆనేంత లోతు, ఎక్కి బయటికి రావడానికి ఒక ఇటుక, మూడు నిమిషాలు. అది ఎంత సంబరంగా మునకలేస్తున్నా వీపు మీద నూగు ముద్దలై నల్లబడుతుంటే వెంటనే తీసేయండి. పాత నూలు తువ్వాలుతో అద్దాలే గానీ రుద్దకూడదు. ఫ్యాను కట్టేసి, నూగు మళ్లీ పత్తిలా విచ్చుకునేదాకా బల్బు కింద ఉంచాలి. గంట పట్టినా సరే.

ఒకవేళ చలికి చిక్కి కాళ్లు చల్లబడి కళ్లు మూతలు పడుతుంటే, ముందు వేడి, తర్వాతే మేత. వేణ్నీళ్ల సీసాకు గుడ్డ చుట్టి పక్కన పెట్టండి. తేరుకున్నాక గ్లాసు నీళ్లలో చెంచాడు పంచదార కలిపి ముక్కు కొసను అందులో ముంచండి. డ్రాపర్‌తో నోట్లో పోయకూడదు. గాలిగొట్టం తెరుచుకునేది నాలుక వెనకే, నీళ్లు నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

మేత

కోడిపిల్లల స్టార్టర్ దాణా, 20 శాతం ప్రొటీన్ ఉన్నది తీసుకోండి. సంచి మీద మందు కలిపినట్టు రాసి ఉంటే వద్దు. ఆ మోతాదు కోడిపిల్లకు లెక్కగట్టింది, బాతు పిల్ల అంతకన్నా ఎక్కువ తింటుంది. రెండు పాళ్ల దాణాకు ఒక పాలు నీళ్లు చిలకరించి, పిడికిట్లో నొక్కితే ముద్దయి వేలితో తాకితే విడిపోయేలా కలపండి. మన ఎండలకు రెండు గంటల్లో పులుస్తుంది, మిగిలింది పారేయాలి. మూడో వారం నుంచి 16-18 శాతం ప్రొటీన్ దాణాకు మారండి. బాగా బలుస్తోందని అదే పెడుతూ పోతే, ఎముక గట్టిపడక ముందే ఈకలు బరువెక్కి రెక్క కొస బయటికి తిరిగిపోతుంది.

కోడి దాణాలో ఉన్న లోటు నయాసిన్ అనే బి విటమిన్. కిలో దాణాకు బాతు పిల్లకు 55 మిల్లీగ్రాములు కావాలి, కోడిపిల్లకు అందులో దాదాపు సగం చాలు. లోటుంటే మడమ కీళ్లు వాచి, కాళ్లు దొడ్డికాళ్లవుతాయి. ఆలస్యమైతే తిరిగి రావు. మొక్కజొన్నలో నయాసిన్ ఉన్నా అది పక్షి ఒంటికి పట్టే రూపంలో ఉండదు. కప్పు దాణాకు ఒక టేబుల్ స్పూన్ బ్రూవర్స్ ఈస్ట్ (బీరు తయారీలో వాడే ఈస్ట్‌ను ఎండబెట్టిన పొడి) కలపండి. బేకరీ ఈస్ట్ పనికిరాదు, అది కడుపులో పొంగుతుంది. బ్రూవర్స్ ఈస్ట్ దొరక్కపోతే లీటరు నీళ్లకు 30 మిల్లీగ్రాముల నికోటినమైడ్ (నయాసిన్‌లోనే ఒక రకం) కలిపి రోజూ పెట్టండి.

వేరుశనగ చెక్క, నిల్వ మొక్కజొన్న రవ్వ, ముక్కిన తవుడు ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. బూజులో పుట్టే అఫ్లాటాక్సిన్ అనే విషానికి పెంపుడు పక్షుల్లో బాతు పిల్ల కాలేయం అంత సున్నితమైంది ఇంకోటి లేదు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోయినప్పుడు కారణం బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ పిండేనని తేలింది, బాతు పిల్లలు కూడా అప్పుడే పోయాయి. కంటికి బూజు కనిపించకపోయినా విషం ఉండొచ్చు. కాబట్టి వానాకాలంలో దాణా కిలోకి మించి కొనకండి.

బ్రెడ్డు, పాలు, మిక్చరు వద్దు. నూకల అన్నం చేటు చేయదు గానీ అదే మేత అనుకోవద్దు. ఉడికిన గుడ్డు పచ్చసొన మొదటి మూడు రోజులు చిటికెడు చాలు. తర్వాత వానపాములు, సన్నగా తరిగిన తోటకూర, నీళ్ల మీద తేలే అజొల్లా మొక్క వేయొచ్చు. ఆకు పెట్టిన రోజు నుంచి కాస్త ముతక ఇసుక పక్కన పెట్టండి, అరగడానికి.

ఒంటరితనం

తోడు లేని పిల్ల గొంతు చించుకుని అరుస్తుంది, అరిచి అరిచి మేత మానేస్తుంది. మనిషికి అలవాటుపడితే తర్వాత మందలో కలవదు. వారంలోపు సంతలో అదే ఈడు పిల్లను ఇంకొకటి తెచ్చుకోవడం ఒక్కటే సరైన మందు. అంతవరకూ పెట్టె గోడకు దాని కంటి ఎత్తులో అద్దం ఆనించండి. కోడిపిల్లను తోడు పెట్టకండి, ఇది చిమ్మే తడికి అది జబ్బుపడుతుంది. పట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి, పిల్లలు దాన్ని ముద్దుపెట్టుకోకుండా చూడాలి.

ఏడెనిమిది వారాలకు ఒంటి నిండా ఈకలొస్తాయి. అప్పుడు పశువైద్యుడి చేత బాతు ప్లేగు టీకా వేయించి, తెలిసినవారి మందలో కలపండి. నేరుగా వదిలితే మిగతావి పొడుస్తాయి. మూడు రోజులు వల అడ్డంగా కట్టి పక్కపక్కన మేపాక, సాయంత్రం మేత వేసే వేళ వల తీయండి.